పాత ట్రాక్టరులో గేరు బిగియుట: బండి విప్పకముందు చేయదగిన పరీక్షలు

దమ్ము కాలము వచ్చినదనగా మా నడిగూడెము రైతులకు నిదుర తక్కువ. సాగరు ఎడమ కాలువకు నీరు వదలిన దినము మొదలు నారుమడి యొకవైపు పిలుచుచుండును, కూలీలు మఱియొకవైపు తొందరపెట్టుచుందురు. సరిగా అట్టి దినములలోనే పాత ట్రాక్టరు గేరు పడక మొరాయించును. రాడ్డును రెండు చేతులతో పట్టి లాగినను పండ్లు గరగర మని కోసికొనుటయే గాని ఒకదానిలో నొకటి ఇమిడి కూర్చుండవు. డ్రైవరు కోపించి కాలితో తన్నును. గేరు పడినట్లే పడి, నాలుగు బారలు పోయి, మఱల ఊడివచ్చును.

ఈ బాధ మెట్ట ప్రాంతపు బండ్లకంటె మన ఆయకట్టు బండ్లకే హెచ్చు. నాగార్జునసాగరునకు 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగినది; 1967లో కాలువలకు నీరు వదలిరి. నాటినుండి మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతములు వరిసీమలైనవి. వరి యనగా దమ్ము. దమ్ము అనగా ట్రాక్టరు మోకాటిబంటి బురదలో దినమంతయు తిరుగుట. ఇనుప చక్రములు ఎగజిమ్మిన బురదనీరు క్లచ్చి యుండు డొప్పలోనికిని, గేరురాడ్డు మొదట నున్న రబ్బరు తొడుగు చినిగిన చోటను, గాలి పోవు సన్నని రంధ్రములగుండను లోనికి దిగును. అదియునుగాక 2024 సెప్టెంబరు మొదటి దినములలో మన మండలములోని కాగిత రామచంద్రాపురము వద్ద ఎడమ కాలువకు గండి పడినప్పుడు పొలములలోనికి నీరు ఎట్లు పొరలినదో చదువరులకు జ్ఞాపకముండియే యుండును. అట్టి వరదలో ఒక రాత్రి మునిగి నిలిచిన బండికి లోపల ఏమి చేరినదో పైనుండి చూచువారికి తెలియదు. ఆఱుమాసముల తరువాత గేరు బిగిసినప్పుడు వరదను తలచువారును లేరు.

నాకు కలిగిన నష్టమునే ముందుగా మనవి చేసికొందును.

మా యింట నున్నది ఇరువది యేండ్లు దాటిన బండి. గడచిన వానకాలములలో నొకదానియందు బి.పి.టి. 5204 నారు పోసి, అది ముప్పది దినములకు వచ్చునాటికి దమ్ము మొదలుపెట్టితిమి. రెండవ దినమున గేరు బిగిసినది. రివర్సు అసలే పడలేదు. పట్టణమునుండి యొక మేస్త్రీని పిలిపించితిని. అతడు రాడ్డును రెండుమార్లు కదలించి, పండ్ల శబ్దము విని, గేరుబాక్సు విప్పవలసినదే యనెను. నేనును తలయూపితిని. బండిని రెండుగా విడదీసి, లోపలి గేరొకటి పైకి తీసి, దాని పండ్ల కొనలు విఱిగి మొండివడి యుండుట చూపెను. కన్నులారా చూచిన తరువాత సందేహమేల? క్రొత్త గేరునకై కబురు పంపి, అది వచ్చువఱకు వేచియుండి, బిగించి, ఆయిలు పోసి బండిని చేతికిచ్చునప్పటికి ఎనిమిది దినములు గడచెను. నారు ముదిరినది. కిరాయి బండికి బ్రతిమాలుకొని సగము మడులు దమ్ము చేయించితిని. ముదురునారు నాటిన మడులు సరిగా పిలకలు వేయలేదని వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఇంత చేసినను, బండి పొలములో దిగిన మఱునాడే గేరు మఱల గరగర మన్నది.

అప్పుడు మా వాడకట్టులో చిరకాలము ట్రాక్టరు నడిపి మానుకొనిన పెద్దమనిషి యొకరు గట్టుమీద నిలిచి చూచుచుండిరి. వరుసకు నాకు మామ. ఆయన దిగివచ్చి, "ఇంజను ఆపి గేరెయ్యిరా అల్లుడా" అనెను.

ఆపి వేసితిని. గేరు వెన్నలో వ్రేలు దిగినట్లు దిగినది. ఒకటి, రెండు, మూడు, రివర్సు, అన్నియు పడినవి.

"మరి గేరుబాక్సు ఏం పాపం చేసింది? క్లచ్చి కోసుకుంటలేదు. పెడలు కింద చూడు" అనెను.

చూచితిని. పెడలునుండి లోనికి పోవు రాడ్డునకు తగిలించిన పిన్ను సగము అరిగి యుండెను. అది కూర్చుండు రంధ్రము గ్రుడ్డువలె సాగి యుండెను. పెడలును చేతితో నొక్కగా మూడంగుళములకు పైగా ఊరక దిగుచు, తరువాతనే గట్టి తగులుచుండెను. అనగా నేను పెడలును అడుగంట త్రొక్కినను, ఆ త్రొక్కుడులో సగముపాలు అరిగిన పిన్నే మ్రింగుచుండెను. క్లచ్చి పూర్తిగా విడిపోవుట లేదు. మేస్త్రీ బండి విడదీసినప్పుడు క్లచ్చి ప్లేటును చూచెను, అది బాగుగనే యుండెను. రాడ్డును మాత్రము ఉన్నది ఉన్నట్లే తిరిగి తగిలించెను. క్రొత్త పిన్ను వేసి, రాడ్డును సరిచేయుటకు గంట పట్టలేదు.

విఱిగిన పండ్ల మాట యేమందురా? అవి అబద్ధము కావు. క్లచ్చి విడువకుండగా తిరుగుచున్న గేరుమీదికి నిలిచియున్న గేరును బలవంతముగా త్రోసి త్రోసి మేమే వానిని విఱుగగొట్టితిమి. మేస్త్రీ చూచినది రోగము కాదు, రోగమువలన కలిగిన పుండు. పుండునకు కట్టు కట్టెను, రోగము అట్లే యుండెను. ఆనాటినుండి నేను నా బండిమీదను, ఇరుగుపొరుగువారి బండ్లమీదను చేసి చూచి సరియని నమ్మిన పరీక్షల క్రమమును ఈ క్రింద వ్రాయుచున్నాను.

ముందుగా గేరు మార్చునప్పుడు లోపల జరుగునదేమో కొంచెము తెలిసికొనవలెను. ఇంజను తిరుగుడు క్లచ్చి ద్వారమున గేరుబాక్సులోని మొదటి ఇరుసునకు వచ్చును. పెడలు త్రొక్కినప్పుడు క్లచ్చి ప్లేటు ఫ్లైవీలునుండి విడివడును. ఇరుసు మెల్లమెల్లగా ఆగును. పాత ట్రాక్టర్లలో, మాసీ ఫెర్గూసన్ 1035 వంటివానిలో, గేర్లు ఇరుసుమీద ప్రక్కకు జరిగి ఎదుటి గేరుతో పండ్లు కలుపును. కార్లలోవలె రెంటి వేగమును సమము చేయు ఇత్తడి కట్టు వీనియందుండదు. కావున ఇరుసు ఆగినగాని పండ్లు సుఖముగా కలియవు. తిరుగుచున్న గానుగ రోకలిని చేతితో పట్టబోయినవానికి ఎట్టి దెబ్బ తగులునో, తిరుగుచున్న గేరును కలియబోయిన గేరునకును అట్టిదే తగులును. ఇందువలననే ఈ బండ్లలో బండిని నిలిపి గేరు మార్చుమని కంపెనీవారు పుస్తకములో వ్రాసిరి. మన డ్రైవర్లలో ఆ పుస్తకము తెఱచినవారెందఱో నేను అడుగబోను.

కాబట్టి గేరు బిగిసినప్పుడు తేల్చుకొనవలసిన ప్రశ్న యొక్కటే. ఇరుసు ఆగకుండుట చేత పండ్లు కలియుట లేదా, లేక ఇరుసు ఆగినను గేరును జరిపెడి సాధనములలో అడ్డు కలదా? మొదటిది క్లచ్చి వైపు దోషము, రెండవది గేరుబాక్సు వైపు దోషము.

దీనిని తేల్చు పరీక్షయే మా మామ చెప్పినది. బండిని సమమైన నేలమీద నిలిపి, చక్రములకు ముందు వెనుకల రాళ్లు పెట్టి, బ్రేకు బిగించి, వెనుక రోటావేటరు నడుపు పి.టి.ఓ. విడిపించి, ఇంజను ఆపవలెను. ఆపైన రాడ్డును ఒక్కొక్క గేరులోనికి త్రోసి చూడవలెను. ఒకప్పుడు పన్ను పన్నునకు ఎదురుగా నిలిచి గేరు పడకపోవచ్చును. అది దోషము కాదు. రాళ్లు తీసి బండిని జానెడు ముందునకు నెట్టి మఱల వేసినచో పడును. అన్ని గేర్లును ఇట్లు సులువుగా పడి, ఇంజను నడచుచుండగా మాత్రమే బిగిసినచో తప్పు క్లచ్చి వైపున నున్నది. ఇంజను ఆపినను బిగిసియే యున్నచో గేరుబాక్సు వైపు చూడవలెను. ఇందులకు స్పానరైనను అక్కఱలేదు.

తప్పు క్లచ్చి వైపున నున్నదని తోచినప్పుడు రెండవ పరీక్ష చేయదగును. ఇంజనును నెమ్మది వేగమున నుంచి, క్లచ్చి అడుగంట త్రొక్కి, అయిదు లెక్కపెట్టి, అప్పుడు రివర్సు వేయుడు. శబ్దము లేక పడినచో క్లచ్చి విడుచుచున్నది, మన తొందరయే తప్పు. చేతి యాక్సిలరేటరు ఎత్తియుంచి గేరు మార్చువారికి ఈ బాధ తఱచుగా కలుగును. అయిదు లెక్కపెట్టిన తరువాతను గరగర మన్నచో, అడుగంట త్రొక్కినను క్లచ్చి విడుచుట లేదన్నమాట. గేరులో నుండి క్లచ్చి త్రొక్కియుంచినను బండి మెల్లగా ప్రాకుచున్నచో ఇక సందేహము లేదు. కాని ఈ పరీక్ష చేయునప్పుడు బండి ముందుగాని వెనుకగాని ఒక్క ప్రాణియైనను నిలువరాదు, పిల్లలను దూరముగా పంపవలెను.

ఇక క్లచ్చి ఏల విడువదు? కారణములు పెక్కు, కాని వెలుపలివి మొదట చూచుట న్యాయము. పెడలును చేతితో నొక్కి, గట్టి తగులువఱకు అది ఎంత దూరము ఊరక దిగుచున్నదో కొలువుడు. ఈ వట్టి ఆట చాల బండ్లలో 20 మొదలు 30 మిల్లీమీటర్ల వఱకు ఉండవలెను. మీ బండి పుస్తకములో వ్రాసినదే ప్రమాణము. ఆట మిక్కిలి యైనచో క్లచ్చి విడువదు, గేరు బిగియును. ఆట బొత్తిగా లేకున్నచో క్లచ్చి పట్టదు. బరువులో జాఱి, మాడువాసన కొట్టి, రిలీజు బేరింగు త్వరగా చెడును. ట్రక్కు తోలునప్పుడు పెడలుమీద కాలు పెట్టుకొని కూర్చుండు డ్రైవరు బేరింగును దినదినము అరుగదీయుచున్నాడని తెలియవలెను. ఆట సరిచేయుటకు ముందు పిన్నులను, వాని రంధ్రములను, పెడలు ఇరుసును కదలించి చూడుడు. అరిగిన పిన్నును మార్చక రాడ్డును మాత్రము త్రిప్పి సరిచేసినచో అది నాలుగు దినములు పనిచేసి మఱల పాతకథ మొదలిడును.

వెలుపల అంతయు సరిగా నున్నచో, బండి ఎట్లు నిలిచియుండెనో జ్ఞాపకము చేసికొనుడు. దమ్ము చేసి కడుగక చెట్టుక్రింద రెండు మూడు మాసములు నిలిపిన బండిలో క్లచ్చి ప్లేటు తుప్పుచే ఫ్లైవీలునకు అంటుకొనును. పెడలు దిగును గాని ప్లేటు విడివడదు. ఇట్లు అంటుకొనకుండుటకు, బండిని చాలకాలము నిలుపునప్పుడు పెడలును త్రొక్కి కఱ్ఱముక్క యడ్డుపెట్టియో, కొన్ని బండ్లలో అందులకై యున్న కొక్కెము తగిలించియో యుంచుట మంచిది. మఱియొకటి. క్లచ్చి డొప్ప అడుగున చిన్న రంధ్రముండును. దానిలో కొన్నిటికి కాటరు పిన్ను వ్రేలాడుచుండును. లోపల ఊఱిన ఆయిలును నీరును పోవుటకే అది యున్నది. దమ్ములో దిగునప్పుడు దానిని బిరడాతో మూయుట, దమ్ము ముగియగానే బిరడా తీసి నీరు కార్చి తెఱచియుంచుట వాడుక. మూయువారు కొందఱు కలరు. తీయువారిని నేను అరుదుగా చూచితిని. బిరడా తీసినప్పుడు నీరు కాఱినచో తుప్పునకు కారణము దొరకినది. ఆయిలు కాఱినచో ఇంజను వెనుక సీలుగాని గేరుబాక్సు ముందు సీలుగాని పోయినది. అట్టి ఆయిలు క్లచ్చి ప్లేటునకు సోకి దానిని జిడ్డుపఱచును.

రోటావేటరు కట్టి యుండగా మాత్రమే గేరు బిగియునని కొందఱు చెప్పుదురు. వారి మాట నిజము. ఒంటి క్లచ్చి గల పాత బండ్లలో పి.టి.ఓ. తిరుగుడు గేరుబాక్సు ఇరుసునుండియే వచ్చును. క్లచ్చి త్రొక్కినను, బరువైన రోటావేటరు తన వేగముతో వెనుకనుండి ఆ ఇరుసును త్రిప్పుచునే యుండును. పి.టి.ఓ. విడిపించి చూచినచో గేరు మామూలుగా పడును. ఇది బండి జబ్బు కాదు. రెండు క్లచ్చిలు గల బండ్లలో పెడలు సగము త్రొక్కిన గేరుబాక్సు, అడుగంట త్రొక్కిన పి.టి.ఓ. విడివడును, వానిలో ఈ చిక్కు లేదు, కాని రెండు మెట్లకును వేఱు వేఱు కొలతలు సరిచూడవలెను.

ఇవి యన్నియు చూచిన పిమ్మటను క్లచ్చి విడువకున్న యెడల బండిని విడదీయక తప్పదు. అప్పుడు మేస్త్రీతో రెండు మాటలు తప్పక చెప్పుడు. ప్రెషరు ప్లేటు ఫింగర్లు మూడును ఒకే ఎత్తున నున్నవో లేదో కొలువుమనుడు. ఒకటి హెచ్చుతగ్గుగా నున్నను ప్లేటు ఒకప్రక్క అంటుకొనియే యుండును. ఫ్లైవీలు నడుమ ఇరుసు కొనను మోయు చిన్న పైలట్ బేరింగును వ్రేలితో త్రిప్పి చూడుమనుడు. అది నీరు త్రాగి తుప్పుతో బిగిసినచో, క్లచ్చి ఎంత చక్కగా విడిచినను ఫ్లైవీలు ఆ బేరింగు ద్వారమున ఇరుసును త్రిప్పుచునే యుండును. కొద్ది వెలగల ఈ బేరింగును చూడక మూసి, మఱల బండి విడదీయించుకొన్నవారు మన చుట్టుప్రక్కల లేకపోలేదు.

గేరుబాక్సు వైపు దోషమని తేలినప్పుడును విప్పుటకు తొందరవలదు. ఆయిలు మొదట చూడుడు. బండి రాత్రియంతయు కదలక నిలిచిన పిమ్మట, తెల్లవాఱుజామున అడుగు బిరడా కొంచెము వదులుచేసి మొదట వచ్చు పావుసేరును గాజుసీసాలో పట్టుడు. నీరు ఆయిలుకంటె బరువైనది గనుక అడుగున చేరి ముందుగా వచ్చును. ఆయిలు మజ్జిగవలె తెల్లబడి యున్నచో నీరు బాగుగ చిలికి కలిసియున్నది. అనుమానమైనచో ఒక చుక్కను కాలిన అట్లపెనముమీద వేయుడు; చిటపట మన్నచో నీరున్నట్లే. మునగాల పరగణాలో పింగళి వెంకయ్యగారు ప్రత్తిమీద పరిశోధనలు చేసి "పత్తి వెంకయ్య" యని పేరుపడిన సంగతి మన పెద్దలు చెప్పుకొనుట కద్దు. సీసాయు పెనమును పట్టుకొని మనమును ఆపాటి పరీక్ష చేయవచ్చును. నీరు కలిసిన ఆయిలును అంతయు దింపి, డీజిలుతో కడిగి, క్రొత్తది పోయుటతోపాటు అది ఎచ్చటనుండి చొరబడినదో వెదకవలెను. రాడ్డు రబ్బరు తొడుగును, గాలిరంధ్రపు మూతను, కొలపుల్ల మూతను చూడుడు.

బిరడాకు అయస్కాంతము గల బండ్లలో దానికి పట్టిన ఇనుపపొడి కొంత తెలుపును. నలుసులేని బూడిదరంగు ముద్ద యైనచో అది సహజమైన అరుగుదల. గోటికి తగులు పలుకులు, పండ్ల ముక్కలు కనబడినచో బండిని వెంటనే ఆపి విప్పించుడు; ఇచ్చట మాత్రము ఆలస్యము హానికరము.

ఆయిలు రకమును గుఱించి కూడ ఒక మాట. పాత గేరుబాక్సులకు 90 నంబరు గేరాయిలు పోయుట వాడుక. ఆయిలులో మునిగిన బ్రేకులు గల తరువాతి బండ్లకు వేఱు ఆయిలు కావలెను. 90 నంబరు పోసినచో బ్రేకులు కీచుమనును. చౌకగా దొరకినదని వాడిన ఇంజనాయిలు పోయుట నేను చూచితిని. అది చేయరాని పని.

ఆయిలు బాగుండి, క్లచ్చి బాగుండి, ఇంజను ఆపినను గేరు బిగిసినచో రాడ్డును పరీక్షింపుడు. రాడ్డు అడుగుకొన గుండ్రని బంతివలె నుండి ఫోర్కుల గాడిలో ఆడుచుండును. ఏండ్లతరబడి వాడుటచే ఆ కొన అరిగి గాడిలోనుండి జాఱిపోవును. అప్పుడు రాడ్డు రెండు గేర్ల నడుమ చిక్కుకొని కదలదు. పైమూత మాత్రము విప్పి దీనిని సరిచేయవచ్చును, బండి విడదీయ నక్కఱలేదు. ఒక్క గేరు మాత్రమే బిగిసి తక్కినవన్నియు చక్కగా పడుచున్నచో, ఆ గేరు ఫోర్కు వంగినదని గాని, దాని పండ్లు చెడినవని గాని ఊహింపవచ్చును. పడిన గేరు బరువులో తనంత ఊడివచ్చుచున్నచో, ఫోర్కు కడ్డీని గాటిలో పట్టియుంచు చిన్న గుండును దానిపై స్ప్రింగును చూడవలెను. అవి సరిగా నుండియు ఊడుచున్నచో పండ్లు ఏటవాలుగ అరిగినవి. ఏ గేరు ఎప్పుడు ఊడుచున్నదో, ఎక్కునప్పుడా దిగునప్పుడా, గుర్తుంచుకొని చెప్పిన రైతు మేస్త్రీకి సగము పని తప్పించినవాడగును.

ఇప్పుడు మన యిండ్లలో కార్లును వచ్చినవి. అందులో క్లచ్చి పెడలే లేని ఆటోమేటిక్ బండ్లు పాతవి కొనుచున్నవారు కొందఱు, గేరు కఠినముగా మారుచున్నదని నన్ను అడిగిరి. పేరొకటే గాని వానిలో బాధ వేఱు. మనకు గేరు పడదు. వారికి గేరు తనంత పడును గాని మెడ కుదుపునట్లు పడును. ఈ విద్య క్రొత్తది కాదు. అమెరికాలో జనరల్ మోటార్సువారు 1939లోనే హైడ్రామాటిక్ అను ఆటోమేటిక్ గేరుబాక్సును బయటపెట్టిరి. ట్రాక్టరులో ఫోర్డువారు 1959లో సెలెక్ట్-ఓ-స్పీడ్ అని పది ముందు గేర్లను క్లచ్చి త్రొక్కకయే మార్చెడి ఏర్పాటు తెచ్చిరి. తొలుత వచ్చినవి మిక్కిలి తొందరపెట్టుటచే దానిని సవరింపవలసి వచ్చినది.

అట్టి గేరుబాక్సులో గేరును పట్టునది ఆయిలు ఒత్తిడి. ఒత్తిడి హద్దు మీఱినప్పుడు గేరు దెబ్బవలె తగులును. కావున అందును ఆయిలునే ముందుగా చూడవలెను. చాల బండ్లలో బండి వేడెక్కిన తరువాత, సమమైన నేలమీద, ఇంజను నడచుచుండగా కొలపుల్ల తీసి చూడవలెను. ఆయిలు తగ్గినను, నురుగు వచ్చునంత హెచ్చినను కుదుపు కలుగును. ఎఱ్ఱగా నుండవలసినది నల్లబడి మాడువాసన కొట్టినచో లోపలి ప్లేట్లు కాలినవి. ఆ తరువాత, పాతకాలపు బండ్లయందు ఇంజనునుండి గేరుబాక్సునకు పోవు సన్నని గాలిగొట్టము పగిలినదేమో, యాక్సిలరేటరు తీగ సరిగా నున్నదేమో చూడవలెను; ఈ రెండును ఇంజనుమీద ఎంత బరువున్నదో గేరుబాక్సునకు తెలుపు సాధనములు. అవి చెడినచో గేరుబాక్సు ఎల్లవేళల గుట్ట ఎక్కుచున్నట్లు భావించి ఒత్తిడిని హెచ్చించును. నిలిచియున్నప్పుడు ఇంజను వేగము హెచ్చుగా నుండుట, ఇంజనును మోయు రబ్బరు దిండ్లు చినుగుట కూడ కుదుపునకు కారణములే, వానికి గేరుబాక్సుతో పనిలేదు. కంప్యూటరు గల బండ్లు, దోషము కనిపెట్టినప్పుడు తమ్ము తాము కాపాడుకొనుటకు ఒకే గేరులో హెచ్చు ఒత్తిడితో నడచును; అట్టివానిని యంత్రముతో చదివింపక విప్పరాదు. 2014లో మారుతి సెలేరియోతో మన దేశమున వ్యాపించిన ఏ.ఎం.టి. మాత్రము నిజముగా మన మామూలు గేరుబాక్సే. క్లచ్చిని కాలికి బదులు మోటారు త్రొక్కును. దానిలో కుదుపు వచ్చినచో మన పెడలు పిన్ను కథనే జ్ఞాపకము చేసికొని, క్లచ్చి అరుగుదలను, దాని సర్దుబాటును మొదట చూపించుకొనవలెను.

తిరిగి ట్రాక్టరునకు వత్తము. మేస్త్రీకి బండి నప్పగించుటకు ముందు చిన్న కాగితముమీద నాలుగు సంగతులు వ్రాసి యిచ్చుట నాకు అలవాటైనది. ఇంజను ఆపినప్పుడు గేరు పడినదా లేదా, పెడలు ఆట ఎంత, సీసాలో ఆయిలు ఎట్లున్నది, బాధ అన్ని గేర్లలోనా ఒక్కదానిలోనా. చదివి నవ్వినవారు లేకపోలేదు. కాని చేతిలో ఆ కాగితమున్న మేస్త్రీ గేరుబాక్సు పైమూతమీద ఊరక చేయి వేయలేడు. ముఖ్యముగా హెచ్.ఎం.టి. వంటి బండ్లు గలవారు ఈ జాగ్రత్త తీసికొనవలెను. ఆ ట్రాక్టర్ల తయారీ 2016లో మూతపడుటచే, తీసిన భాగము విఱిగినచో దానికి సరియైనది దొరకుట కష్టము.

నా బండికి ఆ క్రొత్త పిన్ను వేసిన పిమ్మట గేర్లు చక్కగా పడుచున్నవి. అయితే ఆనాడు అక్కఱలేక విడదీసిన క్లచ్చి డొప్పకును గేరుబాక్సునకును నడిమి అతుకు మాత్రము మునుపటివలె కూర్చుండలేదు. ఇప్పటికిని అచ్చట ఆయిలు చెమర్చుచునే యున్నది. దమ్ములో దిగుటకు ముందు ప్రతిదినమును గుడ్డతో తుడిచి, సాయంకాలము పొలమునుండి వచ్చిన తరువాత మఱల వంగి చూచుచున్నాను.